సంత వాళ్ళది, సరుకు మనది

(పెదకూరపాడులో మహిళా సంఘాల సభ్యులు, యువకులు కలిసి కూర్చున్నప్పుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటలు చాలావరకు అట్లాగే ఉంచాం.)



మీరు నన్ను ఒక ప్రశ్న మీద పిలిచారు. మన పేటలో ఆడవాళ్ళు మిరపకాయ కొని, ఎండబెట్టి, కారం ఆడించి, ప్యాకెట్లు కట్టి అమ్ముదామనుకుంటున్నారు. సెల్‌ఫోన్లో అమ్మకం జరుగుతున్న రోజులు. సరుకును అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి పెద్ద సంతల్లో పెట్టాలా? లేక మన పేరుతో సొంత వెబ్‌సైటు తెరుచుకోవాలా? కుర్రాళ్ళేమో, ఇంకొకడి అరుగు మీద కూర్చునేదేంది, సొంతది పెడదాం, ఆత్మగౌరవం అంటున్నారు. అక్కలేమో, జనం ఉన్నచోట పెడితే గదా సరుకు కదిలేది, ఆత్మగౌరవం ప్యాకెట్టు కొనదు గదా నాయనా అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కాబట్టి ఒకరి నోరు ఒకరు మూయించకుండా లెక్క వేసుకుందాం.

మొదట మిరపలో మన స్థానం ఏమిటో చూద్దాం. ఈ మండలం నుంచి కాయ ఎటు పోతుంది? గుంటూరు యార్డుకు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్టు అని దానికి పేరు. ఆ కాయ కోసేది ఎవరు? కల్లాల్లో ఆరబోసేది ఎవరు? కోల్డ్ స్టోరేజీల దగ్గర కూర్చుని తొడిమలు తీసేది ఎవరు? చేతులు మంటలెత్తి రాత్రిళ్ళు నిద్రపట్టనిది ఎవరికి? ఎక్కువగా మన ఆడవాళ్ళకే. కౌలుకు చేసే మనోళ్ళు కాయ యార్డుకు తోలితే ధర చెప్పేది వేరేవాడు, తూకం వేరేవాడిది, కమీషన్ వేరేవాడిది. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోతే కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. అంటే కిలో 118 రూపాయల లోపే. అదే కాయ పొడై పట్నం కొట్లో ప్యాకెట్టుగా వేలాడితే ఎంతో మీరే చూశారు. ఆ మధ్యలో ఉన్న డబ్బు ఎవరింటికి పోతుందో, అందులో మనకు రావాల్సింది ఎట్లా తెచ్చుకోవాలో తేలితేనే ఇవాళ మనం కూర్చున్నందుకు ఫలితం. వెబ్‌సైటు దానికొక పనిముట్టు, అంతే.

మనది పల్నాడు. చాపకూడు కథ తెలియని వాళ్ళు ఇక్కడ లేరు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడనీ, మాల కన్నమదాసును సేనాపతిని చేశాడనీ తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ కథ వినేటప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. చాప ఎవరిది? రేపు చాప చుట్టేస్తానంటే మనం ఎక్కడ కూర్చోవాలి? పెద్ద సంతల గురించి కూడా అదే ప్రశ్న అడగాలి. కూర్చోవద్దని నేననను. చాప ఎవరిదో మర్చిపోయి కూర్చోవద్దంటున్నాను.

ముందు ఆ సంతల్లో ఉన్న మంచి చెప్పుకుందాం. మంచి ఉన్నచోట లేదనడం అబద్ధం. ఊళ్ళో మన చేతి వంట తినని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. బడిలో మధ్యాహ్న భోజనం దళిత స్త్రీ వండితే పిల్లల్ని తినొద్దన్న సంగతులు దేశంలో చాలాచోట్ల పత్రికలకెక్కాయి. మన పేటలో ఒకామె కిరాణా కొట్టు పెడితే పై బజారు వాళ్ళు వచ్చి కారం కొంటారా? మీరు నవ్వుతున్నారంటే జవాబు మీకు తెలుసు. అదే ఫోన్లో పెడితే హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్న మనిషి బొమ్మ చూస్తాడు, ధర చూస్తాడు, నక్షత్రాలు చూస్తాడు, కొంటాడు. కులం అడగడు. డబ్బు వసూలుకు మనం తిరగక్కర్లేదు. పార్శిలు తీసుకుపోయే ఏర్పాటు వాళ్ళే చేస్తారు. కొనేవాడికి మన మీద నమ్మకం లేకపోయినా ఆ సంత మీద ఉంటుంది. అరువు తెచ్చుకున్న నమ్మకమే అయినా మొదటి ప్యాకెట్టు అమ్ముడుపోయేది దాని మీదనే.

ఇక అరువుకు వడ్డీ ఎంతో చూద్దాం. కమీషన్ ఉంటుంది, సరుకును బట్టి మారుతుంది. ఈ మధ్య పోటీ పడి తగ్గిస్తున్నారు కూడా. 2021లో మీషో కమీషన్ తీసేసింది. 2025లో అమెజాన్ 300 రూపాయల లోపు సరుకుల్లో చాలా రకాలకు ఆ కమీషన్ తీసేసింది. మంచిదే. కానీ రవాణా ఖర్చు ఉంటుంది, ఇతర ఫీజులు ఉంటాయి, పేజీలో పైన కనపడాలంటే ప్రకటనకు డబ్బు కట్టాలి. పైగా ఇవాళ తగ్గించినవాడు రేపు పెంచితే అడిగే హక్కు మనకుందా?

బోర్డు మీద లెక్క వేస్తాను, చూడండి. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. మీ అసలు అంకెలు మీరు పెట్టుకోండి. అరకిలో కారం ప్యాకెట్టు 200 రూపాయలు. కాయ, మర కూలి, ప్యాకింగు కలిపి 110. మిగిలేది 90. అందులో రవాణా, ఫీజులు, ప్రకటన కలిపి 60 పోయిందనుకుందాం. చేతికి 30. పది ప్యాకెట్లు పంపితే ఒకటి తిరిగొచ్చింది. తొమ్మిదింటి మీద మిగిలింది 270. తిరిగొచ్చినదానికి రానుపోను రవాణా ఒక వంద. తెరిచిన కారం ఇంకొకరికి అమ్మలేం కాబట్టి ఆ 110 కూడా పోయినట్టే. 270లో 210 తీసేయండి. పది ప్యాకెట్లకు మిగిలింది 60 రూపాయలు. ప్యాకెట్టుకు ఆరు. అక్కా, ఈ ఆరు రూపాయల్లో నీ కూలి ఎక్కడుంది? ఎండలో కాయ తిరగేసిన కూలి ఏ గడిలో రాశావు? ఇల్లు ఊడ్చిన పనికి లెక్క లేనట్టే దీనికీ లెక్క లేకుండా పోతుంది. అందుకని మొదటి గడి కూలిదే వేయండి. కూలి వేసిన తర్వాత కూడా మిగిలితేనే అది వ్యాపారం.

రెండోది, సంత పెట్టినవాడే కొట్టు కూడా పెట్టుకుంటే ఏమవుతుంది? విదేశీ పెట్టుబడి ఉన్న సంతలు తమ సొంత సరుకు అమ్మకూడదని మన దేశంలో నిబంధన ఉంది. 2018 డిసెంబరులో దాన్ని ఇంకా గట్టిచేశారు. కొందరు అమ్మకందార్లకే పెద్దపీట వేస్తున్నారని ఢిల్లీ వ్యాపారులు ఫిర్యాదు చేస్తే 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్టుల మీద విచారణకు ఆదేశించింది. యూరపులో అయితే, చిన్న అమ్మకందార్ల అమ్మకాల వివరాలు చూసి అమెజాన్ తన సొంత వ్యాపారానికి వాడుకుంటున్నదని అక్కడి యూరోపియన్ కమిషన్ విచారణ చేసింది. 2022 డిసెంబరులో ఆ కంపెనీ, ఇకపై వాడుకోం అని హామీ ఇచ్చి ఆ కేసు ముగించుకుంది. అంత పెద్ద ప్రభుత్వాలే ఏళ్ళ తరబడి కుస్తీ పడుతుంటే, పెదకూరపాడు నుంచి పది మంది ఆడవాళ్ళు ఏం చేయగలరో ఆలోచించండి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. కొన్నవాడు ఎవరు? అతను మనవాడు కాదు, సంతవాడి ఖాతాదారు. అతని ఫోన్ నంబరు మన పుస్తకంలో ఉండదు. వెయ్యి మందికి కారం పంపినా ఆ వెయ్యి మందిలో ఒక్కడి తలుపు కూడా మనం తట్టలేం. ఏదో ఫిర్యాదు వచ్చిందనో, కాగితం తక్కువైందనో ఒక పొద్దున మన ఖాతా ఆపేస్తే? వెలివేత అంటే ఏందో మనకు తెలుసు. 1991లో చుండూరులో ముందు మనోళ్ళను పనుల్లోకి రానీయకుండా వెలివేశారు, ఆ తర్వాతే ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఖాతా మూయడాన్నీ దాన్నీ ఒకటి అనను, అనకూడదు కూడా. కానీ బతుకుదెరువు తాళం ఇంకొకడి చేతిలో ఉంటే ఎంత భయంగా ఉంటుందో అది చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఊళ్ళో పెత్తందారు ఎవరో తెలుసు, అతని ఇంటి ముందు ధర్నా చేయొచ్చు. ఖాతా మూసింది ఒక యంత్రమైతే ఎవరి గుమ్మం ముందు కూర్చుంటాం?

అయితే సొంతది పెడదాం అంటారు కుర్రాళ్ళు. దానికి మన ఉద్యమంలోనే పాఠం ఉంది. 1920 జనవరి 31న బాబాసాహెబ్ ‘మూక్‌నాయక్’ పత్రిక మొదలుపెట్టారు. డబ్బులిస్తాం, ప్రకటన వేయండి అని అడిగితే పూనా ‘కేసరి’ పత్రిక వేయలేదు. పెద్ద సంత మనకు తలుపు మూసింది. కాబట్టి సొంత అంగడి తప్పలేదు. కొల్హాపూర్ షాహూ మహారాజు 2,500 రూపాయలు సాయం చేశారు. మరి ఆ పత్రిక ఎన్నాళ్ళు నడిచింది? 1923 నాటికి ఆగిపోయింది. 1927 ఏప్రిల్‌లో ‘బహిష్కృత్ భారత్’ పెట్టారు, అదీ 1929లో ఆగింది. బాబాసాహెబ్ కలానికే ఆ కష్టం వచ్చిందంటే ఏమిటి అర్థం? సొంతది పెట్టడం ఒక ఎత్తు, దాన్ని పోషించే చందాదారులను సంపాదించడం ఇంకో ఎత్తు. వెబ్‌సైటు కూడా అంతే. పేరు కొనడానికి ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది, పేజీలు కట్టడానికి మన కుర్రాళ్ళున్నారు. కానీ దారి లేని పొలంలో కొట్టు కడితే ఎవడొస్తాడు? తెరిచి ఆరు నెలలైనా ఒక్క గిరాకీ రాకపోతే ఆడవాళ్ళ పొదుపు డబ్బు మునుగుతుంది. ఆ తర్వాత ఏ కొత్త పని చెప్పినా మీ మాట వినరు.

మరి దారేది? నేను చెప్పదలుచుకున్నది ఇక్కడ మొదలవుతుంది. ప్యాకెట్టు మీద అతికించే చీటీ చూడండి. ఆహార పదార్థం అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు కావాలి. చీటీ మీద బరువు, ధర, తేదీ, తయారుచేసినవారి పేరు, చిరునామా, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలి. సంతలో అమ్మినా సొంతంగా అమ్మినా ఇది తప్పదు. మరి చిరునామా ఏమని రాస్తారు? ఎస్సీ కాలనీ, పెదకూరపాడు, పల్నాడు జిల్లా. లేదా అంబేడ్కర్ నగర్. ఇక్కడే కొందరికి గొంతులో వెలక్కాయ పడుతుంది. ఊళ్ళో ఎవరిదైనా గది అద్దెకు తీసుకుని ఆ చిరునామా వేద్దాం, కాలనీ పేరు చూస్తే కొనరేమో అని నాతో అన్నవాళ్ళు ఉన్నారు.

వాళ్ళ భయం ఉత్తిది కాదు. పిల్లలకు అన్నం పెట్టాల్సినవాళ్ళ భయం అది, నేను వెక్కిరించను. కానీ అడుగుతున్నా. కాయ కోసినప్పుడు అంటని మైల, తొడిమ తీసినప్పుడు అంటని మైల, కూలి తీసుకుని ఊరి కారమంతా మనమే దంచినప్పుడు అంటని మైల, మన పేరు రాయగానే ఎక్కడ నుంచి వచ్చింది? అగ్రకులాల పేర్లు పెట్టుకుని పచ్చళ్ళూ పొడులూ దర్జాగా అమ్ముకుంటున్నారు. వాళ్ళకు కులం పెట్టుబడి. మనకు మాత్రం దాచుకోవాల్సిన మచ్చా? 2016లో చంద్రభాన్ ప్రసాద్ ‘దళిత్ ఫుడ్స్’ అని పేరు పెట్టి కారం, పసుపు, పచ్చళ్ళు ఇంటర్నెట్టులో అమ్మకానికి పెట్టారు. ముంబయిలో సుధీర్ రాజ్‌భర్ ‘చమార్ స్టూడియో’ అని, తిట్టుగా వాడే మాటనే కంపెనీ పేరు చేసి సంచులూ కుర్చీలూ తయారుచేయిస్తున్నారు. వాటిని చూసి కొన్నవాళ్ళున్నారు. మీరు కూడా కులం పేరే పెట్టుకోవాలని నేననను, అది మీరూ మీరూ కూర్చుని తేల్చుకోవాల్సింది. నేను అనేది చిరునామా దాచొద్దని మాత్రమే.

ఎందుకంటే ఆ చీటీయే మన మొదటి సొంత అంగడి. సంతలో కొన్నవాడి నంబరు మనకు తెలియకపోవచ్చు. మన నంబరు అతని వంటింట్లో ఉంటుంది. పెద్ద సంతల్లో అమ్మే సరుకు పెట్టెలో ‘మా దగ్గరకే రండి’ అని కరపత్రం పెడితే వాళ్ళ నిబంధనలు ఒప్పుకోవు, ఖాతా పోగొట్టుకోవద్దు. కానీ చట్టం రాయమన్న పేరూ, ఊరూ, నంబరూ రాయడానికి ఎవరూ అడ్డం రారు. కారం బాగుంటే కొన్నామె ఆ నంబరుకు ఫోన్ చేస్తుంది. చిరునామా దాచుకున్నవాళ్ళకు ఆ ఫోన్ రాదు, వచ్చినా ఎవరమని చెప్పుకోవాలో తెలియదు.

ఆ ఫోన్ వచ్చాక లెక్క ఎట్లా మారుతుందో చూడండి. మన తెలుగిళ్ళలో కారం అరకిలో కొనుక్కునే అలవాటు నిన్నా మొన్నటిది. వేసవిలో ఏడాది కారం ఒకేసారి ఆడించుకోవడం పాత పద్ధతి, ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉంది. ఆమెకు అయిదు కిలోలు పంపుదాం. అదే ధర అయితే 2,000. మన ఖర్చు 1,100. పార్శిలుకు 250 అనుకోండి. మిగిలింది 650. ఆమెకు 200 తగ్గించినా మనకు 450. అదే పది ప్యాకెట్లు సంతలో అమ్మితే మిగిలింది 60 అని ఇందాకే చూశాం. డబ్బు యూపీఐలో వస్తుంది, దాని మీద మనకు కోత లేదు. అరకిలో బేరం సంతకు, ఏడాది కారం బేరం మన పుస్తకానికి. కాబట్టి రెండిట్లో ఏదనే తగాదా వదిలేయండి. తెలియనివాళ్ళకు అమ్మడానికి సంత. తెలిసినవాళ్ళకు అమ్మడానికి సొంత అంగడి. తెలియనివాళ్ళను తెలిసినవాళ్ళుగా మార్చుకోవడమే మన పని.

ఇది మన పక్కనే జరిగి ఉన్న పని. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత స్త్రీలు. జొన్న, కొర్ర, సజ్జ పండించి, దళారీ చేతిలో పెట్టకుండా, సంఘం పేరుతో వ్యానులో హైదరాబాదు వీధులకు తీసుకెళ్ళి అమ్మారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ ప్రైజు అందుకున్నారు. వాళ్ళకు వెబ్‌సైటు కన్నా ముందు సంఘం ఉంది, నమ్మి కొనేవాళ్ళున్నారు. 14 ఏప్రిల్, 6 డిసెంబరు సభల దగ్గర నేల మీద గుడ్డ పరిచి పుస్తకాలమ్మిన మన కార్యకర్తలూ చేసింది అదే. ఈ పత్రిక మీ చేతికొచ్చింది కూడా చందాదారుల పుస్తకం వల్లే.

ఇక పని ఎట్లా మొదలుపెట్టాలో చెప్పి ముగిస్తాను.

ఒకటి. ఈ ఏడాది వెబ్‌సైటు వద్దు. ఒక ఫోన్ నంబరు, సంఘం పేరున ఒక బ్యాంకు ఖాతా, ఒక లావుపాటి నోటు పుస్తకం చాలు. కొన్నవాళ్ళ పేరు, ఊరు, నంబరు, ఎంత కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నీ రాయండి. వాట్సాప్‌లో సరుకుల బొమ్మలు పెట్టుకునే సౌకర్యం ఉంది, వాడుకోండి. పుస్తకంలో రెండోసారి కొన్నవాళ్ళు రెండు వందల మంది అయిన రోజు వెబ్‌సైటు తెరవండి. అప్పుడు అది దారి పక్కన కొట్టు అవుతుంది.

రెండు. పెద్ద సంతలో ఒకటి రెండు రకాలే పెట్టండి. ఉన్న సరుకంతా అక్కడే పోయొద్దు. రాష్ట్రం దాటి అమ్మాలంటే జీఎస్టీ నమోదు కావాల్సిందే. రాష్ట్రం లోపల అయితే 2023 అక్టోబరు 1 నుంచి చిన్నవాళ్ళు ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఈ సంతల్లో అమ్ముకోవచ్చు. కాగితాలు ముందే సరిచేసుకోండి, తర్వాత పరిగెత్తొద్దు.

మూడు. ఉద్యమ్ నమోదు డబ్బు లేకుండా అవుతుంది. అందులో ఎస్సీ అని తప్పకుండా రాయించండి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనే సరుకులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని నిబంధన ఉంది. ప్రభుత్వానికి అమ్మే సంత ‘జెమ్’ 2016 నుంచి నడుస్తున్నది. ఆ వాటా నిండని ఏళ్ళే ఎక్కువ. నింపమని అడగడం కార్యకర్తల పని.

నాలుగు. వెబ్‌సైటు పేరు, దాని తాళం సంఘం పేరునే ఉండాలి. కట్టిన కుర్రాడి పేరున ఉంటే, ఇల్లు కట్టి పట్టా మేస్త్రీ పేరున రాయించినట్టే. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు, రేపు ఉద్యోగానికి హైదరాబాదు పోతాడు. పాస్‌వర్డు ఇద్దరు ఆడవాళ్ళకు తెలిసుండాలి. ఏటా కట్టాల్సిన డబ్బు తేదీ సంఘం మినిట్స్ పుస్తకంలో రాసుండాలి.

అయిదు. కారంలో రంగు కలపొద్దు, పాత కాయ కలపొద్దు. ఊరందరూ చేసే కల్తీయే గదా అనొద్దు. వాళ్ళు చేస్తే కల్తీ అంటారు, మనం చేస్తే కులం అంటారు.

తమ్ముళ్ళారా, సొంత అంగడి కావాలన్న మీ పట్టుదల వదులుకోవద్దు. కానీ దాన్ని తెరవబోయేది ఆ ఆడవాళ్ళ చేతులు, లెక్కల పుస్తకం వాళ్ళ దగ్గరే ఉండాలి. అక్కలారా, సంతలో సరుకు పెట్టండి, బెదరొద్దు. కానీ ఇవాళ రాత్రికి ఒక పని చేయండి. చీటీ మీద చిరునామా ఏమని రాయాలో అందరూ కూర్చుని తేల్చుకుని, అచ్చుకు ఇవ్వండి.

జై భీమ్.